సంతకం నుంచి శాసనం దాకా: పౌర శాసన ప్రతిపాదనలపై ఒక సమీక్ష

ప్రాతినిధ్య ప్రజాస్వామ్యంలో ఓటరు మనిషినో పార్టీనో ఎన్నుకుంటాడు; తనను పాలించే చట్టంలో ఏ వాక్యం ఉండాలో నిర్ణయించే పనిని తాను ఎన్నుకున్నవారికి వదిలేస్తాడు. కొన్ని దేశాల రాజ్యాంగాలు ఈ ఏర్పాటును అలాగే ఉంచుతూ, దానికి తోడుగా, నిర్ణీత సంఖ్యలో ఓటర్లు సంతకాలు చేసి ఒక చట్టాన్నో రాజ్యాంగ సవరణనో తామే రాసి ముందుకు తెచ్చే హక్కును కూడా గుర్తించాయి. రాజనీతి శాస్త్ర గ్రంథాల్లో ఇనీషియేటివ్ అనే పేరుతో కనిపించే ఈ హక్కునే పౌర శాసన ప్రతిపాదన అనవచ్చు. దీన్ని రెఫరెండంతో కలిపి మాట్లాడడం వాడుకలో ఉన్నా, రెండింటి స్వభావం వేరు. రెఫరెండంలో ప్రభుత్వమో చట్టసభో రూపొందించిన అంశంపై ప్రజలు అవునని గాని కాదని గాని చెబుతారు, అంటే ప్రశ్న పైనుంచి వస్తుంది; పౌర ప్రతిపాదనలో ప్రశ్న వేసేది కూడా ప్రజలే, కాబట్టి పాలకులు చర్చించడానికి ఇష్టపడని విషయం కూడా తప్పనిసరిగా బయటికి వస్తుంది.

ఇలా బయటికి వచ్చిన ప్రశ్న ఎంత దూరం వెళ్తుందన్నది దేశాన్నిబట్టి మారుతుంది. కొన్నిచోట్ల సంతకాలు సరిపోయిన ముసాయిదా చట్టసభ గడప తొక్కకుండానే ఓటుకు వెళ్తుంది. దీన్ని ప్రత్యక్ష ప్రతిపాదన అంటారు. మరికొన్నిచోట్ల ముందు చట్టసభ దాన్ని పరిశీలించి, ఆమోదిస్తే అక్కడితో పని ముగుస్తుంది, కాదంటేనో మరో ముసాయిదా చూపితేనో విషయం ప్రజల ముందుకు వస్తుంది; ఇది పరోక్ష ప్రతిపాదన. మూడో రకంలో ప్రజల ఓటు ప్రసక్తే ఉండదు, సంతకాలు చేసినవారికి దక్కేది తమ ముసాయిదాను చట్టసభ చర్చకు తీసుకుంటుందన్న హామీ ఒక్కటే, కాబట్టి దీన్ని ఎజెండా ప్రతిపాదన అనవచ్చు. నూటపాతికేళ్లుగా ఈ పద్ధతిపై సాగిన వాదం ఎక్కువగా సామాన్యుడికి చట్టం చేసే తెలివి ఉందా లేదా అన్న చోటే తిరుగుతూ వచ్చింది. ఆయా దేశాల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఫలితాలను నిర్ణయించింది వేరే సంగతులని తేలుతుంది: సంతకాలు పూర్తయిన రోజుకూ ఓటు పడే రోజుకూ మధ్య ముసాయిదా ఎవరెవరి చేతులు దాటుతుంది, ఓటు పడ్డాక దాన్ని మార్చే అధికారం ఎవరికి మిగులుతుంది అన్నవి ఆ సంగతులు.

ఈ పద్ధతికి పుట్టిల్లు స్విట్జర్లాండ్. అక్కడ సమాఖ్యలోని రాష్ట్రాలను కాంటన్లు అంటారు. వాటిలో వో కాంటన్ 1845లోనే తన రాజ్యాంగంలో పౌర ప్రతిపాదనకు చోటిచ్చింది. 1860లలో జ్యూరిక్‌లో రైల్వేలనూ బ్యాంకులనూ రాజకీయాన్నీ ఒకే గుప్పిట్లో పెట్టుకున్న ఆల్‌ఫ్రెడ్ ఎషర్ వర్గంపై లేచిన ప్రజాతంత్ర ఉద్యమం 1869లో ఆ కాంటన్ రాజ్యాంగాన్నే తిరగరాయించి, చట్టాలపై తుది మాటను ఓటర్లకు కట్టబెట్టింది. సమాఖ్య స్థాయిలో 1874లో పార్లమెంటు చేసిన చట్టాన్ని సంతకాలతో ప్రజల ఓటుకు ఈడ్చే హక్కు, 1891లో రాజ్యాంగంలోని ఏ భాగానికైనా సవరణ ప్రతిపాదించే హక్కు వచ్చాయి. 1891లో 50,000 సంతకాలు చాలు అన్న నిబంధన, 1971లో మహిళలకు ఓటుహక్కు వచ్చి ఓటర్ల సంఖ్య రెట్టింపు కావడంతో, 1977లో లక్షకు పెరిగింది. ఇప్పుడు ఆ లక్ష సంతకాలను 18 నెలల్లో సేకరించాలి. ప్రతిపాదన నెగ్గడానికి దేశవ్యాప్తంగా పోలైన ఓట్లలో మెజారిటీతో పాటు కాంటన్లలో కూడా మెజారిటీ రావాలి. బహుళజాతి సంస్థలు విదేశాల్లో చేసే హానికి స్వదేశంలో బాధ్యత వహించాలన్న ప్రతిపాదనకు 2020లో 50.7 శాతం ఓట్లు వచ్చినా, కాంటన్లలో ఎక్కువ భాగం కాదన్నందువల్ల అది వీగిపోయింది.

సమాఖ్య స్థాయిలో మామూలు చట్టాన్ని ప్రతిపాదించే వీలు లేకపోవడం స్విస్ పద్ధతిలోని విచిత్రం. ఏది కావాలన్నా రాజ్యాంగంలోనే రాయించుకోవాలి. అందువల్ల చిత్తడి నేలల రక్షణ, ఆల్ప్స్ పర్వతాలగుండా సాగే లారీ రవాణా, ఒక్కో గ్రామంలో విడిది ఇళ్లు మొత్తం ఇళ్లలో 20 శాతం మించరాదన్న నియమం వంటివి ఆ దేశపు మౌలిక శాసనంలోకి ఎక్కాయి. రాజ్యాంగమంటే ప్రాథమిక సూత్రాల పుస్తకమని భావించే న్యాయశాస్త్రవేత్తలకు ఇది రుచించదు. అయినా ఈ మార్గం సాధించిన పనుల్లో కొన్ని పార్లమెంటు తనంతట తాను ఎన్నటికీ చేయనివి. దిగువ సభకు నైష్పత్తిక ప్రాతినిధ్యం, అంటే పార్టీలకు వచ్చిన ఓట్ల దామాషాలో సీట్లు కేటాయించే పద్ధతి, 1900లోనూ 1910లోనూ ఓడి 1918లో నెగ్గింది. ఆ మరుసటి ఏడు జరిగిన ఎన్నికలో దశాబ్దాలుగా అధికారంలో ఉన్న రాడికల్ పార్టీ సంపూర్ణ మెజారిటీ కోల్పోయింది. తన సీట్లకు ఎసరు పెట్టే చట్టాన్ని ఏ పాలక పక్షమూ కోరి తెచ్చుకోదు గదా.

1891 నుంచి ఓటు దాకా వచ్చిన రెండు వందలకు పైబడిన స్విస్ ప్రతిపాదనల్లో నెగ్గినవి సుమారు పదింట ఒకటి. ఈ లెక్క చూసి పద్ధతి విఫలమైందనుకుంటే పొరపాటు, ఎందుకంటే అందులోని అసలు బలం ఓటు దాకా రాని ప్రతిపాదనల్లో ఉంది. సంతకాలు అందాక ముందు ప్రభుత్వం, తరవాత పార్లమెంటు ప్రతిపాదనను పరిశీలిస్తాయి. సంతకాల సేకరణ మొదలైన నాటి నుంచి ఓటు పడేసరికి మూడు నాలుగేళ్లు గడవడం మామూలే. ఆ వ్యవధిలో పార్లమెంటు ప్రతిపాదన రూపాన్ని మార్చలేదు గాని, దానికి పోటీగా తన ముసాయిదాను నిలబెట్టగలదు. రెండింటినీ ఒకేసారి ప్రజల ముందు పెట్టినప్పుడు ఓటరు రెండింటికీ అవునని చెప్పి, రెండూ నెగ్గితే ఏది కావాలో మూడో ప్రశ్నకు జవాబుగా తేల్చే పద్ధతి 1987 నుంచి ఉంది. అంతకుముందు మార్పు కోరేవారి ఓట్లు రెండుగా చీలి, ఉన్న స్థితే గెలిచేది. ప్రతిపాదకుల సంఘానికి, అంటే ముసాయిదాపై బాధ్యత వహించే ఏడుగురు మొదలు ఇరవై ఏడుగురు దాకా ఉండే బృందానికి, పార్లమెంటు ఇచ్చినది చాలుననిపిస్తే ప్రతిపాదనను వెనక్కి తీసుకోవచ్చు. సంతకాలు పూర్తయినవాటిలో దాదాపు మూడో వంతు ఇలా వెనక్కి వెళ్లాయి. 2019లో దాఖలైన హిమానీనదాల ప్రతిపాదన ఇందుకు తాజా ఉదాహరణ: దాన్ని వెనక్కి తీసుకోవడానికి బదులుగా పార్లమెంటు వాతావరణ చట్టం చేసింది, ఆ చట్టాన్ని వ్యతిరేకించినవారు మళ్లీ సంతకాలు సేకరించి ప్రజల ఓటుకు లాగారు, 2023 జూన్‌లో 59.1 శాతం ఓటర్లు దాన్ని నిలబెట్టారు. ఈ క్రమంలో ప్రతిపాదన బేరసారాలకు కూర్చోబెట్టే సాధనంగా పనిచేసింది.

అయితే బేరం కుదరని చోట ఈ పద్ధతికి మరో ముఖం కనిపిస్తుంది. 1891 నాటి హక్కుతో నెగ్గిన మొట్టమొదటి ప్రతిపాదన, 1893లో పశువులను స్పృహ తప్పించకుండా వధించడాన్ని నిషేధించినది, జంతు సంరక్షణ మాటున యూదుల ఆచారంపై పడిన వేటు. 2009లో మసీదు మినార్ల నిర్మాణంపై నిషేధం 57.5 శాతం ఓట్లతో రాజ్యాంగంలో చేరింది. అంతర్జాతీయ న్యాయంలోని ఉల్లంఘించరాని నియమాలకు విరుద్ధమైనప్పుడు, లేదా ఒకే ప్రతిపాదనలో సంబంధం లేని అంశాలు కలిపినప్పుడు పార్లమెంటు దాన్ని చెల్లదని ప్రకటించవచ్చు. కానీ అలా ప్రకటించిన సందర్భాలు వేళ్ల మీద లెక్కించేటన్ని. ప్రజల ఓటుకు ఎవరి హక్కులైనా గురి కావచ్చన్న ఆందోళనకు కొంత ఆధారం పౌరసత్వ దరఖాస్తుల చరిత్రలోనూ ఉంది. కొన్ని స్విస్ మునిసిపాలిటీల్లో విదేశీయుల దరఖాస్తులపై స్థానికులే రహస్య బ్యాలెట్‌తో తీర్పు చెప్పేవారు. కారణం చూపకుండా తిరస్కరించడం రాజ్యాంగ విరుద్ధమని సమాఖ్య న్యాయస్థానం 2003లో చెప్పాక ఆ నిర్ణయం ఎన్నికైన మండళ్లకు మారినచోట్ల పౌరసత్వం పొందినవారి సంఖ్య గణనీయంగా పెరిగిందని హైన్‌ముల్లర్, హాంగార్ట్‌నర్ అనే పరిశోధకులు చూపారు. అదే మనుషులు, అదే ఊరు. దరఖాస్తుదారుకు కారణం చెప్పవలసిన బాధ్యత వచ్చి చేరింది, అంతే. ఇక 1959లో మహిళల ఓటుహక్కును మూడింట రెండు వంతుల మంది కాదన్నప్పుడు ఆ ఓటు వేసినవారంతా పురుషులేనన్న సంగతి కూడా మరవరాదు. ప్రత్యక్ష ప్రజాస్వామ్యం ప్రజలంటే ఎవరో ముందే తేలిపోయినట్లు వ్యవహరిస్తుంది.

స్విస్ నమూనా అట్లాంటిక్ దాటడం వెనుక ఒక పుస్తకం ఉంది. జె. డబ్ల్యు. సల్లివన్ అనే పాత్రికేయుడు స్విట్జర్లాండ్ వెళ్లి చూసి 1890ల తొలినాళ్లలో రాసిన పుస్తకాన్ని చదివిన విలియం యురెన్ అనే సంస్కరణవాది ఒరెగాన్‌లో ఉద్యమం నడిపి, 1902లో రాష్ట్ర రాజ్యాంగంలో ఈ హక్కును చేర్పించాడు. దానికి నాలుగేళ్ల ముందే, 1898లో, సౌత్ డకోటా దీన్ని స్వీకరించిన తొలి రాష్ట్రమైంది. 1911లో కాలిఫోర్నియా గవర్నర్ హైరమ్ జాన్సన్ సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ గుప్పిట్లో చిక్కుకున్న శాసనసభకు విరుగుడుగా దీన్ని తెచ్చాడు. జ్యూరిక్‌లోనూ కాలిఫోర్నియాలోనూ ఈ హక్కు పుట్టడానికి కారణం రైల్వే పెట్టుబడి పట్టే కావడం యాదృచ్ఛికం కాదు; చట్టసభ అమ్ముడుపోయిందని జనం నమ్మిన చోటే చట్టం రాసే పని తమకు కావాలని అడిగారు. నేడు అమెరికాలో సుమారు సగం రాష్ట్రాల్లో ఈ హక్కు ఉంది, సమాఖ్య స్థాయిలో లేదు. మహిళలకు ఓటుహక్కు ఒరెగాన్‌లోనూ అరిజోనాలోనూ 1912లో ఈ మార్గానే వచ్చింది. స్విట్జర్లాండ్ అనుభవంతో పోల్చి చూసేవారికి ఇది ఆలోచించదగ్గ తేడా.

స్విస్ పద్ధతిని తెచ్చుకున్న కాలిఫోర్నియా దాని మధ్య దశను మాత్రం తెచ్చుకోలేదు. అక్కడ గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతానికి సమానమైన సంతకాలు 180 రోజుల్లో సేకరిస్తే చట్టం, 8 శాతమైతే రాజ్యాంగ సవరణ నేరుగా బ్యాలెట్‌కెక్కుతాయి. చట్టసభ పరిశీలనకు వెళ్లే పరోక్ష మార్గం మొదట్లో ఉన్నా, దాన్ని వాడేవారు లేక 1966లో రద్దు చేశారు. పైగా ప్రజల ఓటుతో వచ్చిన చట్టాన్ని, ఆ చట్టంలోనే అనుమతి ఉంటే తప్ప, శాసనసభ సవరించలేదు. మళ్లీ ఓటర్ల ఆమోదం కావాలి. ముసాయిదాలో ఒక పదం తప్పుగా పడితే దిద్దే చెయ్యి ఓటుకు ముందూ లేదు, ఓటు తరవాతా లేదు.

ఈ లోటు ఎంత ఖరీదైనదో 1978 జూన్ 6న నెగ్గిన పదమూడో ప్రతిపాదన చూపింది. ద్రవ్యోల్బణంతో ఇళ్ల విలువలు ఎగబాకి, ఆస్తి పన్ను కట్టలేక వృద్ధులు ఇళ్లు అమ్ముకునే పరిస్థితి వచ్చినా శాసనసభ ఏళ్ల తరబడి తాత్సారం చేయడంతో, హోవర్డ్ జార్విస్, పాల్ గాన్ అనే ఇద్దరు ముందుండి నడిపిన ఈ ప్రతిపాదనకు సుమారు 65 శాతం మద్దతు దక్కింది. దాని ప్రకారం ఆస్తి పన్ను విలువలో 1 శాతం మించరాదు. లెక్కకట్టే విలువ 1975 నాటిది, అది ఏడాదికి 2 శాతానికి మించి పెరగరాదు. ఆస్తి చేతులు మారినప్పుడే కొత్త విలువ వర్తిస్తుంది. రాష్ట్రం పన్నులు పెంచాలంటే శాసనసభలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. స్థానిక సంస్థల ఆస్తి పన్ను రాబడి ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయి, పాఠశాలల నిధుల భారం రాష్ట్ర రాజధానికి బదిలీ అయింది. ఒకే వీధిలో ఒకే రకం ఇళ్లలో పాత యజమాని కట్టే పన్నుకూ కొత్తగా కొన్నవాడు కట్టే పన్నుకూ పొంతన లేకపోవడం, ఇంటి యజమానుల కోసమని తెచ్చిన రక్షణ పెద్ద వాణిజ్య సంస్థల భూములకూ వర్తించడం దాని శాశ్వత ఫలితాలు. వాణిజ్య ఆస్తులను ఆ రక్షణ నుంచి తప్పించాలని 2020లో వచ్చిన ప్రతిపాదన స్వల్ప తేడాతో ఓడిపోయింది. జనం కోపం న్యాయమైనదే, ఉపశమనం అవసరమైనదే. ఆ కోపాన్ని మరో ముసాయిదాతో ఎదుర్కొనే సత్తువ శాసనసభకు సకాలంలో లేకపోవడమే లోపం. ఓటు దగ్గరపడ్డాక అది హడావుడిగా తెచ్చిన పోటీ పథకాన్ని ఓటర్లు నమ్మలేదు.

2014లో కాలిఫోర్నియా తన తప్పును కొంత దిద్దుకుంది: ముసాయిదాపై ముప్పై రోజులపాటు ప్రజల సూచనలు తీసుకోవడం, సంతకాల్లో నాలుగో వంతు పూర్తయ్యాక శాసనసభలో బహిరంగ విచారణ జరపడం, బ్యాలెట్‌కు అర్హత పొందే ముందు ప్రతిపాదనను వెనక్కి తీసుకునే వీలు కల్పించడం అందులోని అంశాలు. దాని పర్యవసానం 2018 జూన్ 28న ఒకేరోజు రెండు రకాలుగా బయటపడింది. ఆరు లక్షలకు పైగా సంతకాలతో సిద్ధమైన డేటా గోప్యత ప్రతిపాదనను విరమింపజేయడానికి శాసనసభ వారం రోజుల్లో వినియోగదారుల గోప్యతా చట్టం చేసి, ప్రతిపాదన వెనక్కి తీసుకునే గడువు ముగిసే ఆ రోజున గవర్నర్ సంతకం పెట్టించింది. అమెరికాలో ఆ తరహా చట్టాల్లో అదే మొదటిది. అదే రోజున, స్థానిక సంస్థలు ఏ పన్ను పెంచాలన్నా మూడింట రెండు వంతుల ఓటు కావాలనే ప్రతిపాదనను శీతల పానీయాల పరిశ్రమ వెనక్కి తీసుకుంది. అందుకు ప్రతిఫలంగా తీపి పానీయాలపై నగరాలు కొత్త పన్నులు వేయకుండా 2030 చివరిదాకా నిషేధించే చట్టాన్ని రాబట్టుకుంది. బేరసారాలకు తలుపు తెరిస్తే దాన్లోంచి ఎవరైనా రావచ్చు. సంతకాల సేకరణకు లక్షల డాలర్లు వెచ్చించగలిగినవారు ముందు వస్తారు.

డబ్బు గురించిన చర్చకు ఇది ప్రవేశం. సంతకాల సేకరణకు కూలి ఇవ్వడాన్ని కొలరాడో నిషేధిస్తే, అది వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1988లో కొట్టివేసింది. ప్రతిపాదనల ప్రచారంలో కంపెనీలు ఖర్చు పెట్టకుండా అడ్డుకోరాదని అంతకు పదేళ్ల ముందే చెప్పింది. అయినా డబ్బుతో ఫలితాన్ని కొనవచ్చన్న మాట పరిశోధనలో పూర్తిగా నిలవలేదు. వ్యాపార వర్గాలు డబ్బు వెదజల్లి తమకు నచ్చని ప్రతిపాదనను ఓడించడం సాధ్యమే గాని, తమకు కావలసినదాన్ని గెలిపించుకోవడం అంత సులభం కాదని ఎలిజబెత్ గెర్బర్ 1999లో వెలువరించిన అధ్యయనం తేల్చింది. 1988లో కాలిఫోర్నియా బ్యాలెట్‌పై బీమా రంగానికి సంబంధించి ఒకేసారి ఐదు ప్రతిపాదనలు ఉండగా, కంపెనీలు కోట్ల డాలర్లు కుమ్మరించినా, వినియోగదారుల ఉద్యమ నాయకుడు రాల్ఫ్ నాడర్ బలపరిచిన ఒక్కటే నెగ్గింది. ముసాయిదాల్లోని వివరాలు చదవకపోయినా దాని వెనుక ఎవరున్నారో తెలిసిన ఓటర్లు, అన్నీ చదివి తెలుసుకున్నవారి మాదిరిగానే ఓటు వేశారని ఆర్థర్ లూపియా చూపాడు. సామాన్యుడి తెలివిపై జరిగే వాదానికి ఇంతకన్నా మంచి జవాబు దొరకదు. అయితే 2020లో ఆ అంచనా కొంత తలకిందులైంది: యాప్‌ల ద్వారా పనిచేసే డ్రైవర్లను ఉద్యోగులుగా గుర్తించిన చట్టం నుంచి మినహాయింపు కోసం ఉబర్, లిఫ్ట్, డోర్‌డాష్ వంటి కంపెనీలు 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి తమ ప్రతిపాదనను గెలిపించుకున్నాయి. దాన్ని సవరించాలంటే శాసనసభలో ఎనిమిదింట ఏడు వంతుల మెజారిటీ కావాలన్న షరతు కూడా అందులో చేర్చుకున్నాయి. రాష్ట్ర సుప్రీంకోర్టు 2024 జులైలో ఆ చట్టాన్ని సమర్థించింది. రైల్వే కంపెనీకి విరుగుడుగా పుట్టిన సాధనం మరో రవాణా వ్యాపారానికి కవచమైందనడం అతిశయోక్తి కాదు.

దీనికి ఎదురు దిక్కున, ఓటు వేసి గెలిచాక చట్టసభ చేతిలో ఓడిపోయే ప్రమాదం ఉంది. శిక్ష పూర్తిచేసుకున్న మాజీ ఖైదీలకు ఓటుహక్కు తిరిగి ఇవ్వాలన్న సవరణను 2018లో ఫ్లోరిడా ఓటర్లు 64 శాతానికి పైగా మద్దతుతో ఆమోదిస్తే, మరుసటి ఏడాది శాసనసభ జరిమానాలూ రుసుములూ చెల్లించాకే శిక్ష పూర్తయినట్లని నిర్వచించి, లబ్ధిదారుల్లో పెద్ద భాగాన్ని మళ్లీ బయట నిలబెట్టింది. స్విట్జర్లాండ్‌లో కూడా 2014లో 50.3 శాతంతో నెగ్గిన వలసల నియంత్రణ ప్రతిపాదనను పార్లమెంటు 2016లో యూరోపియన్ యూనియన్‌తో ఒప్పందాలు చెడకుండా బాగా పలచన చేసి అమలుపరిచింది. ప్రతిపాదకులు ద్రోహమన్నారు, వ్యాపార వర్గాలు ఊపిరి పీల్చుకున్నాయి. ఒహాయోలో శాసనసభ రాజ్యాంగ సవరణల ఆమోదానికి 60 శాతం ఓట్లు కావాలన్న నియమం తేబోతే, 2023 ఆగస్టులో ఓటర్లు దాన్ని తిప్పికొట్టారు.

చట్టసభను కట్టిపడేయని ప్రతిపాదనల కథ వేరు. న్యూజిలాండ్‌లో 1993 చట్టం ప్రకారం పది శాతం ఓటర్లు కోరితే ఓటింగ్ జరుగుతుంది గాని దానికి ప్రభుత్వం కట్టుబడనక్కరలేదు; సభ్యుల సంఖ్యను 99కి తగ్గించాలని 1999లో 81.5 శాతం మంది చెప్పినా సభ్యుల సంఖ్య తగ్గలేదు. ఓటు వేయించి పక్కన పెట్టడం కన్నా ఓటు లేకుండా చర్చ జరపడమే మేలనిపించే ఉదాహరణ ఫిన్లాండ్‌ది. అక్కడ 2012 మార్చి నుంచి ఆరు నెలల్లో 50,000 సంతకాలు వస్తే ముసాయిదా పార్లమెంటుకు చేరుతుంది. స్వలింగ వివాహాలకు సమాన హోదా కోరిన ప్రతిపాదనపై లక్షా అరవై వేలకు పైగా సంతకాలు పడ్డాయి; న్యాయ వ్యవహారాల స్థాయీ సంఘం దాన్ని తిరస్కరించమని సిఫార్సు చేసినా, 2014 నవంబరులో సభ 105 – 92 ఓట్లతో ఆమోదించింది. పార్టీలు తమలో తాము చీలిపోయి, ప్రభుత్వ బిల్లుగా తేలేకపోయిన అంశానికి పౌర ప్రతిపాదన దారి చూపింది. యూరోపియన్ యూనియన్‌లో 2012 నుంచి అమల్లో ఉన్న పౌర ప్రతిపాదనకు కనీసం ఏడు దేశాల నుంచి పది లక్షల సంతకాలు కావాలి; ఇంతా చేసి ముసాయిదా వెళ్లేది చట్టాలు ప్రతిపాదించే గుత్తాధికారం గల కమిషన్‌కు, కమిషన్ కాదనవచ్చు కూడా. బోనుల్లో కోళ్లనూ పశువులనూ పెంచడం ఆపాలన్న ప్రతిపాదనకు సుమారు 14 లక్షల సంతకాలు రాగా, 2023 చివరికి చట్టం ప్రతిపాదిస్తామని 2021లో మాటిచ్చిన కమిషన్ ఆ గడువు దాటించింది.

బ్రెజిల్ ఉదాహరణ వద్ద కాస్త ఆగవలసి ఉంది. 1988 రాజ్యాంగం దేశ ఓటర్లలో ఒక శాతం మంది, కనీసం ఐదు రాష్ట్రాల నుంచి, ఒక్కో రాష్ట్రంలో 0.3 శాతానికి తగ్గకుండా సంతకం చేస్తే బిల్లు ప్రవేశపెట్టే హక్కునిచ్చింది. పది లక్షలకు పైగా సంతకాలతో వచ్చిన స్వచ్ఛ రికార్డు చట్టం 2010లో అమల్లోకి వచ్చి, ఒకరికి మించిన న్యాయమూర్తుల ధర్మాసనం శిక్ష ఖరారు చేసినవారు ఎనిమిదేళ్లు పోటీ చేయకుండా నిషేధించింది. ఆ బిల్లుపై సంతకం పెట్టిన అధ్యక్షుడు లూలా డ సిల్వా 2018 ఎన్నికల్లో అదే చట్టం కింద అనర్హుడయ్యాడు. సంతకాలన్నింటినీ సరిచూసే యంత్రాంగం పార్లమెంటుకు లేక, ఇటువంటి బిల్లులను ఎవరో ఒక సభ్యుడు తన పేరుతో ప్రవేశపెట్టడం అక్కడి రివాజు. పేరు మారగానే అది మామూలు బిల్లవుతుంది. 2016లో అవినీతి వ్యతిరేక చర్యల ప్రతిపాదనపై ఇరవై లక్షలకు పైగా సంతకాలు వచ్చినా, దిగువ సభ ఒక రాత్రి వేళ దాన్ని గుర్తుపట్టలేనంతగా మార్చి ఆమోదించింది. ఆ సంతకాల సేకరణ వెనుక ప్రభుత్వ ప్రాసిక్యూటర్లు ఉన్నందువల్ల అది ఎంతవరకు పౌరులదన్న ప్రశ్న కూడా లేచింది.

కనీస పోలింగ్ షరతు, అంటే ఓటర్లలో ఇంత శాతం మంది పాల్గొంటేనే ఫలితం చెల్లుతుందన్న నియమం, చూడ్డానికి జాగ్రత్తగా కనిపిస్తూ పద్ధతిని లోపలినుంచి తినేసేది. జర్మనీలో 1926లో రాజవంశాల ఆస్తులను స్వాధీనం చేసుకోవాలన్న ప్రతిపాదనకు సుమారు 1.45 కోట్ల మంది అవునన్నారు, కాదన్నవారు అతి కొద్దిమంది. అయినా మొత్తం ఓటర్లలో సగం మంది రాకపోవడంతో వీగిపోయింది. వ్యతిరేకులు ఇళ్లలో కూర్చోవడమే వ్యూహమైనప్పుడు బూత్‌కు వెళ్లినవాడు తన రహస్య ఓటును వీధిలోనే ప్రకటించినట్లవుతుంది. భూస్వాముల కింద బతికే గ్రామాల్లో అది ఎంత ప్రమాదకరమో ఊహించవచ్చు. ఇటలీలో ఐదు లక్షల సంతకాలతో చట్టాన్ని రద్దు చేయించే రెఫరెండానికి కూడా సగం పోలింగ్ తప్పనిసరి. 2025 జూన్‌లో కార్మిక చట్టాలపై, పౌరసత్వంపై జరిగిన ఐదు ఓటింగులు సుమారు 30 శాతం పోలింగ్‌తో చెల్లకుండా పోయాయి. స్విట్జర్లాండ్‌లో ఇలాంటి షరతు లేకపోవడం వల్లనే అక్కడ ప్రచారం వాదనలపై నడుస్తుంది.

భారత రాజ్యాంగంలో పౌర శాసన ప్రతిపాదనకు చోటు లేదు. దానికి అతి దగ్గరగా వచ్చిన సందర్భం 1978: రాజ్యాంగ మౌలిక లక్షణాలను మార్చే సవరణలకు ప్రజల ఓటు తప్పనిసరి చేయాలని జనతా ప్రభుత్వం తెచ్చిన నిబంధనను లోక్‌సభ ఆమోదించినా రాజ్యసభ తొలగించింది. అదైనా రెఫరెండమే గాని ప్రతిపాదన కాదు. గ్రామసభ ఒక్కటే ఇక్కడ పౌరులు స్వయంగా కూర్చుని నిర్ణయించే చట్టబద్ధ వేదిక. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాలపై 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ప్రశ్నను గ్రామసభల ముందుకు పంపితే, పన్నెండుకు పన్నెండు గ్రామాలూ వద్దని తీర్మానించాయి. అది కూడా ఇతరులు అడిగిన ప్రశ్నకు జవాబే. పౌరులు ముసాయిదా రాసి చట్టసభపై ఒత్తిడి తెచ్చిన సమాచార హక్కు, లోక్‌పాల్ ఉద్యమాలు విధివిధానం లేని ప్రతిపాదనలు. 2011 ఏప్రిల్‌లో ప్రభుత్వ ప్రతినిధులు ఐదుగురు, ఉద్యమ ప్రతినిధులు ఐదుగురు కలిసిన ముసాయిదా సంఘం ఏర్పడినా, ఏకాభిప్రాయం కుదరనప్పుడు ఏం చేయాలో చెప్పే నియమమేదీ లేక రెండు ముసాయిదాలుగా విడిపోయింది.

తెలుగు నేలపై ఇటువంటి విధివిధానం లేని ప్రతిపాదనకు అతిపెద్ద ఉదాహరణ సారా వ్యతిరేకోద్యమం. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల నుంచి మొదలై, దూబగుంట మహిళలు సారా దుకాణం మూయించిన ఉదంతంతో ఊరూరా పాకి, 1992లో వేలం పాటలను అడ్డుకునేదాకా వెళ్లిన ఆ ఉద్యమం ఒత్తిడికి 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం ప్రధాన హామీ అయి, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో ఖజానా నష్టం, దొంగ రవాణా కారణాలుగా చూపి ప్రభుత్వం సారా తప్ప మిగిలిన మద్యంపై నిషేధాన్ని ఎత్తివేసింది, అందుకు శాసనసభలో మామూలు మెజారిటీ సరిపోయింది. ఆ నిషేధం కాలిఫోర్నియా తరహా ప్రతిపాదనగా వచ్చి ఉంటే, అమలు ఎంత దెబ్బతిన్నా మళ్లీ ఓటర్లు ఒప్పుకునేదాకా సవరణకు వీలుండేది కాదు. స్విస్ తరహాలో అయితే సడలింపు చట్టంపై నూరు రోజుల్లో సంతకాలు సేకరించి, రాబడి లెక్కలూ కాపురాల లెక్కలూ ఒకే బ్యాలెట్‌పై తేల్చమని ఆ మహిళలు అడగగలిగేవారు. ఎజెండా తరహాలో అయితే వారి ముసాయిదా స్థాయీ సంఘం దాకా వెళ్లి అక్కడే నిలిచిపోయే అవకాశమూ లేకపోలేదు.